రెండో వరి కంటే ముందు ఆఖరి మైలు

ఈ హింగారులో తుంగభద్ర ఎడమ కాలువకు రెండో పంట నీళ్ళు లేవు. డ్యామ్‌కు ఉన్న 33 గేట్లూ పాతబడ్డాయి, అన్నీ మార్చాలి, ఆ పని వానలు పడేలోపు జరగాలి. అందుకని కాలువ కట్టేశారు. గంగావతి, కారటగి, సింధనూరు వైపు మన క్యాంపుల్లో ఎవరిని కదిలించినా ఇదే మాట. మిల్లులకు పని తగ్గింది, కూలీలకు పని లేదు, అప్పు తెచ్చినవాళ్ళకు నిద్ర లేదు. పరిహారం అడుగుతూ ధర్నాలు కూడా జరిగాయి. పరిహారం అడగడం న్యాయమే. గేట్లను సకాలంలో చూసుకోకపోవడం రైతు తప్పు కాదు కదా.

కానీ పొలాలు ఖాళీగా ఉన్న ఈ నాలుగు నెలల్లోనే ఇంకో మాట మాట్లాడుకోవాలని మాకు అనిపిస్తోంది. మా ఇంట్లో అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం, వదినలం కలిసి చర్చించుకుని రాస్తున్న మాట ఇది. పెద్దవాళ్ళలో కొందరికి నచ్చలేదు, అది కూడా ఇక్కడే చెప్పేస్తున్నాం. మా మాట సూటిగా ఇదీ: గేట్లు మార్చి డ్యామ్ మళ్ళీ పూర్తిగా నిండినా, కాలువ మొదట్లో ఉన్న మనం రెండో వరి అడగకూడదు. రెండో పంటకు తక్కువ నీటి పైరు వేసుకుందాం. ఆ మిగిలిన నీళ్ళు మాన్వి, సిరవార దాటి చివరి తూముదాకా పోవాలని మనమే అడుగుదాం.

రెండు పేపర్లు, ఒకే నది

మాలో చాలామందిమి కన్నడ మీడియంలో చదువుకున్నాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అందువల్ల ఎండాకాలం వచ్చిందంటే రెండు భాషల పేపర్లూ చూస్తాం. ఒకదాంట్లో ‘ఆంధ్రకు మన నీళ్ళు పోతున్నాయి’ అని ఉంటుంది. ఇంకోదాంట్లో ‘కర్ణాటక మన నీళ్ళు మింగేస్తోంది’ అని ఉంటుంది. రెండూ చదివాక తెలిసేది ఒకటే. గొడవంతా వాటా మీద. డ్యామ్‌లో ఉన్న నీళ్ళను ఏ నెలలో, ఏ కాలువకు, ఎన్ని రోజులు, ఏ పంటకు వదులుతున్నారన్నది మాత్రం ఎక్కడో లోపలి పేజీలో నాలుగు లైన్లు.

వాటాల సంగతి నిజానికి ఎప్పుడో తేలిపోయింది. బచావత్ ట్రిబ్యునల్ తుంగభద్ర జలాశయం దగ్గర వాడకానికి 230 టీఎంసీలు లెక్కగట్టింది. అందులో 18 టీఎంసీలు ఆవిరి కింద తీసేశారు. మిగిలిన 212లో కర్ణాటకకు 138.99, ఆంధ్రకు 66.5, రాజోలిబండ ద్వారా తెలంగాణకు 6.51. ఆంధ్ర భాగంలో ఎగువ కాలువకు 32.5, దిగువ కాలువకు 24, కర్నూలు–కడప కాలువకు 10. ఏటా వానల ముందు తుంగభద్ర బోర్డు ఆ సంవత్సరం ఎంత నీరు రావచ్చో అంచనా వేసి, ఈ నిష్పత్తిలోనే పంచుతుంది. తక్కువ వస్తే అందరికీ తగ్గుతుంది. అంటే అనంతపురంలో ఉన్న మన చుట్టాలకూ మనకూ మధ్య తగాదా కాగితం మీద లేదు. మన ఎడమ కాలువకు వచ్చిన నీళ్ళు మన కాలువలోనే ఎలా పోతున్నాయన్నదే అసలు సంగతి.

డ్యామ్ ఒక గాదె కాదు

చాలామంది డ్యామ్‌ను వడ్లు పోసిన గాదెలా చూస్తారు. నిండింది, ఇక తలా ఇంత తీసుకోవడమే అని. కానీ 105 టీఎంసీలు పట్టే చోట 230 టీఎంసీల వాడకం ఎలా సాధ్యం? ఎందుకంటే జులై నుంచి వరద వస్తూనే ఉంటుంది, కాలువలు పారుతూనే ఉంటాయి. వస్తున్న నీటిని వస్తున్నప్పుడే వాడుకుంటూ, చివర్లో నిండుగా పట్టి ఉంచుకోవాలి. ఇది లెక్క కంటే సమయానికి సంబంధించిన పని.

అందులో ఇంకో భయం కూడా ఉంది. ముందే నింపేస్తే, ఆ తర్వాత పెద్ద వరద వచ్చినప్పుడు పట్టడానికి చోటు ఉండదు. ఖాళీ ఉంచితే, వానలు ముఖం చాటేసినప్పుడు పంట ఎండుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఊరు మునిగినప్పుడు మన వాళ్ళు కూడా డాబాల మీద గడిపారు. వానాకాలం అయిపోయిందనుకున్న నెలలో వచ్చిన వరద అది. పైన శివమొగ్గ, చిక్కమగళూరు కొండల్లో పడిన వాన, మధ్యలో భద్ర డ్యామ్, ఆ తర్వాత హొసపేటె, కింద సుంకేశుల, కర్నూలు, శ్రీశైలం. ఒకచోట గేటు ఎత్తితే ఇంకోచోట మెట్టు మునుగుతుంది. ఇన్ని చోట్ల కలిపి నడపాల్సిన నదిని మనం ‘నాది, నీది’ అనే రెండు మాటలకు కుదించేశాం.

పైగా జలాశయం చిన్నదైపోతోంది. 1953లో నీళ్ళు పట్టడం మొదలైనప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105.79 టీఎంసీలకు వచ్చింది. కన్నడంలో దీన్ని హూళు అంటారు. డెబ్బై ఏళ్ళలో ఇరవై ఏడు టీఎంసీల చోటు మట్టికి పోయింది. అది ఆంధ్ర ఎగువ కాలువ మొత్తం వాటాకు కొంచెమే తక్కువ. ఈ నష్టం ఏ రాష్ట్రం చేసింది కాదు, కానీ అందరూ భరిస్తున్నారు.

ఒక గొలుసు తెగితే

2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. అప్పటికి డ్యామ్ నిండుగా ఉంది. ఆ ఒక్క ఖాళీలోంచి సుమారు 35,000 క్యూసెక్కులు పోయాయి. ఈ అంకె మనకు అలవాటైన కొలతలో చూద్దాం. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే ఆ ఒక్క గేటు నుంచే రోజుకు మూడు టీఎంసీలు. మన ఎడమ కాలువ నిండుగా పారితే 4,100 క్యూసెక్కులు. దాని ఎనిమిది రోజుల పారకం ఒక్క రోజులో పోయింది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది కాబట్టి పోయింది ఇంకా ఎక్కువ.

గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి సలహాతో, నీళ్ళు పారుతుండగానే తాత్కాలిక పలకలు ఒకదాని మీద ఒకటి దించి, వారం లోపల ఆ ఖాళీని మూశారు. అంత ఒరవడిలో ఆ పని చేసిన ఇంజనీర్లకూ, కార్మికులకూ ఎంత చెప్పినా తక్కువే. తర్వాత వానలు బాగా పడి డ్యామ్ మళ్ళీ నిండింది. మన పంట కూడా నిలిచింది.

కానీ వాన రక్షించిందని సమస్య పోయినట్టు కాదు. జలాశయం పూర్తి మట్టం 1633 అడుగులు. గేట్లు మొదలయ్యేది 1613 అడుగుల దగ్గర. ఆ పై 20 అడుగుల్లోనే సగానికి మించిన నీరు ఉంటుంది. అంటే మనం నమ్ముకున్న నీళ్ళలో సగం పైచిలుకు రాతి గోడ మీద కాదు, ఇనుప పలకల మీద, గొలుసుల మీద ఆధారపడి ఉంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో మేము రోజూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఇది చెడిపోతే దీని వెనక ఏముంది? ఆ రాత్రి 19వ గేటు వెనక ఏమీ లేదు. మూయడానికి సిద్ధంగా పలకలు లేవు, అప్పటికప్పుడు చేయించాల్సి వచ్చింది.

బజాజ్ కమిటీ 33 గేట్లూ మార్చమంది. మార్చే వరకు భద్రత కోసం 2025లో నిల్వను 80 టీఎంసీల దగ్గర ఆపేశారు. ఆ ఏడు వాన బాగానే పడింది, నది నిండుగా పారింది, కానీ పట్టి ఉంచే ధైర్యం లేక కిందికి వదిలేశారు. రెండో పంట పోవడానికి కారణం పక్క రాష్ట్రం కాదు, వాన కాదు. చూసుకోవాల్సిన ఇనుమును సకాలంలో చూసుకోకపోవడం. వాటా గురించి ఇన్నేళ్ళు చేసిన అరుపులో పదోవంతు గేట్ల గురించి చేసి ఉంటే, ఈ హింగారు ఇలా ఉండేది కాదు.

కాలువ మొదలు, కాలువ చివర

ఇక మన ఇంటి దగ్గరి విషయం. ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. కొప్పళ జిల్లాలో మొదలై రాయచూరు జిల్లాలోకి పోతుంది. దీన్ని ప్లాన్ చేసినవాళ్ళ ఆలోచన వరి కాదు. బళ్ళారి, రాయచూరు, రాయలసీమ అంతా కరువు సీమ. వీలైనంత ఎక్కువ భూమికి కొంచెం కొంచెం నీళ్ళు ఇచ్చి, జొన్న, పత్తి, వేరుశనగ ఎండిపోకుండా కాపాడాలని ఈ కాలువ తవ్వారు. ఏ సర్వే నంబరుకు ఏ పంట అన్నది కూడా ముందే రాసి పెట్టారు. వరికి అనుమతి ఉన్నది కొంచెం భూమికే.

మన తాతయ్యలు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చింది ఆ కాలువ వచ్చాకే. అక్కడ ఉన్న కొంచెం అమ్ముకుని ఇక్కడ ఎక్కువ కొన్నారు. నల్లరేగడిని చదును చేసి, గట్లు వేసి, నారు పోశారు. ఊరు పేరు లేని చోట క్యాంపు అని పిలిచారు, ఆ పేరే నిలిచిపోయింది. వాళ్ళ కష్టం గురించి ఈ బ్లాగులో ఇదివరకు చాలామంది రాశారు, ఆ గౌరవం మాకూ ఉంది. గంగావతిని కర్ణాటక వరి గాదె అంటారంటే అందులో వాళ్ళ చెమట ఉంది. స్థానిక రైతులు కూడా తర్వాత వాళ్ళను చూసి వరిలోకి వచ్చారు. కాబట్టి ఇది ‘ఆంధ్రోళ్ళు’ చేసిన పని అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. కాలువ మొదట్లో భూమి ఉన్నవాడు ఏ భాష మాట్లాడినా వరే వేశాడు.

కానీ ఫలితం ఏమిటో కూడా దాచుకోకూడదు. కొంచెం లెక్క చూడండి. ఒక వరి పంటకు పొలంలో నాలుగు అడుగుల లోతు నీరు పెట్టామనుకుంటే, ఒక టీఎంసీతో సుమారు 5,700 ఎకరాలు పండుతాయి. అడుగున్నర చాలే జొన్న లాంటి పైరైతే అదే ఒక టీఎంసీతో సుమారు 15,300 ఎకరాలు. మధ్యలో కాలువలో ఇంకేది, ఆవిరయ్యేది వేరే. మనం ఒక ఎకరం రెండో వరి వేసినప్పుడు, కింద రెండున్నర ఎకరాలకు పైగా మెట్టపైరు తడి పోతోంది.

ఆ కిందివాళ్ళు ఎవరు? కన్నడంలో కొనెభాగద రైతరు అంటారు, చివరి భాగం రైతులు. మాన్వి, సిరవార, రాయచూరు తాలూకాలవాళ్ళు. ఏటా 69వ మైలు దగ్గర గేజి ఎంత, 104వ మైలు దగ్గర గేజి ఎంత అని వాళ్ళు చూసుకుంటూ కూర్చుంటారు. అంకె పెరగకపోతే రోడ్డు మీదికి వస్తారు. కాలువ గట్టున పోలీసు కాపలా, నిషేధాజ్ఞలు పెట్టిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. పేరుకు వాళ్ళు కూడా ఆయకట్టే, కాగితం మీద వాళ్ళ భూమి నీటి భూమి. రాయచూరు పట్టణం తాగునీటికి కూడా ఈ కాలువ కొంత ఆధారం. అక్కడ కూడా తెలుగు క్యాంపులున్నాయి. మన ఆడపిల్లల్ని ఆ ఊళ్ళకే ఇచ్చాం, అక్కడి నుంచే కోడళ్ళను తెచ్చుకున్నాం. పెళ్ళిలో వియ్యంకుడికి మొదటి పీట వేసి, కాలువలో ఆయనకు చివరి చుక్క కూడా మిగల్చకపోతే ఎలా?

పెద్దవాళ్ళ అభ్యంతరాలు

మా ఇంట్లోనే వచ్చిన అభ్యంతరాలు ఇవి. తీసిపారేసేవి కావు.

పెదనాన్నగారి మాట: ‘ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచిన నేల. ఇందులో ఇప్పుడు జొన్న వేస్తే కుళ్ళిపోతుంది.’ ఇది కొంత నిజం. పల్లపు మడుల్లో వరి తప్ప వేరేది రాదు. కానీ నీళ్ళు నిలిచి నిలిచి చౌడెక్కిన భూమి కూడా మన ఆయకట్టులోనే ఉంది. గంగావతి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఈ చౌడు నేలల మీదే ఎన్నో ఏళ్ళుగా పని జరుగుతోంది. రెండు వరులు ఆపకపోతే మన మనవలకు వరి కూడా రాని భూమి మిగులుతుంది. పల్లం వదిలేసి, మెరక మడులతో మొదలుపెట్టవచ్చు కదా.

బాబాయి మాట: ‘వరి అయితే కల్లంలోకే వ్యాపారి వస్తాడు. శనగ, నువ్వులు, జొన్న ఎవడు కొంటాడు?’ ఇది అన్నిటికంటే బలమైన ప్రశ్న. పంట మార్చమని రైతుకు చెప్పి, కొనుగోలు కేంద్రం మాత్రం వరికే తెరిస్తే ఎవరూ మారరు. అందుకే మనం ప్రభుత్వాన్ని అడగాల్సింది రెండో వరికి నీళ్ళు కాదు, రెండో పంటగా వేసే జొన్నకూ శనగకూ మద్దతు ధరకు కొనే ఏర్పాటు.

మామయ్య మాట: ‘మనం మానేస్తే ఆ నీళ్ళు చివరికి పోతాయని నమ్మకం ఏమిటి? మధ్యలో మోటార్లు పెట్టి లాగేస్తారు.’ ఇది కూడా నిజమే. ఒక్క క్యాంపు మానేస్తే పక్క క్యాంపుకు లాభం, అంతే. అందుకే ఇది ఒక ఇంటి త్యాగంగా కుదరదు. డిస్ట్రిబ్యూటరీ మొత్తం కలిసి ఒప్పుకోవాలి, పారిన నీరు లెక్క కట్టాలి, ఆ లెక్క అందరికీ కనబడాలి.

మేము అడిగేవి

నీరావరి శాఖను, తుంగభద్ర బోర్డును అడగాల్సినవి మూడే. ఒకటి, గేట్లు మార్చడంతో పని అయిపోయిందనుకోవద్దు. గొలుసులు, తాళ్ళు, మోటార్లు ఏటా వానల ముందు ఎవరు చూశారు, ఏం తేలింది అన్న నివేదిక బయట పెట్టాలి. గేటు పోతే దించే పలకలు డ్యామ్ దగ్గరే సిద్ధంగా ఉండాలి. రెండు, ప్రతి డిస్ట్రిబ్యూటరీ మొదట్లో, చివర్లో రోజూ ఎంత పారిందో కన్నడంలోనూ తెలుగులోనూ రాసి పెట్టాలి. ఎడమ గట్టు రైతుకూ, కర్నూలు రైతుకూ ఒకే లెక్క కనిపిస్తే పేపర్ల మాటలకు సగం పదును తగ్గుతుంది. మూడు, నీళ్ళు వదిలే తేదీలు, ఆపే తేదీలు నాట్లకు ముందే చెప్పాలి. సలహా సమితి సమావేశం ఆలస్యమైతే రైతు భయపడి నారు పోసేస్తాడు. నారు పోశాక ఇక ఎవరూ ఆపలేరు.

నవలి దగ్గర కొత్త సమతుల్య జలాశయం కట్టాలని, పూడికతో పోయిన నీళ్ళు అక్కడ పట్టుకోవాలని చాలా ఏళ్ళుగా అంటున్నారు. మేము దానికి వ్యతిరేకం కాదు. కానీ దానికి మూడు రాష్ట్రాలు ఒప్పుకోవాలి, భూములు పోవాలి, వేల కోట్లు కావాలి. అది వచ్చేదాకా ఆఖరి మైలు రైతును ఆగమనడం న్యాయం కాదు. అదీగాక కొత్త నీళ్ళు వచ్చినా, మొదట్లో మూడో తడి అడిగేవాళ్ళు ఉంటే చివరికి పోయేది ఏముంటుంది?

ఇక మనం చేయాల్సినవి. ముంగారులో వరి వేసుకుందాం, వీలైనచోట నారు లేకుండా నేరుగా విత్తే పద్ధతిలో. మన వైపు ఇప్పటికే కొందరు అలా వేస్తున్నారు, మొదట్లో మడి నింపి పెట్టే నీళ్ళు మిగులుతాయి. హింగారులో మెరక భూముల్లో వరి మానేద్దాం. నీటి సంఘం సమావేశానికి కౌలుదారును పంపి ఊరుకోకుండా పట్టాదారులే వెళదాం. మనలో చాలామందిమి ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాం, భూమి కౌలుకిచ్చాం. కౌలు వరి లెక్కన కట్టించుకుంటూ, కౌలుదారును జొన్న వేయమంటే అది అన్యాయం. రెండో పంట వరి కాకపోతే కౌలు తగ్గించుకోవాల్సింది మనమే. ఈ మాట రాసేముందు మా ఇంట్లో ఇది తేల్చుకున్నాం. మా పొలాలకు వచ్చే ఏటి నుంచి హింగారు కౌలు వేరుగా, తక్కువగా రాసుకుంటున్నాం.

విజయనగర కాలంలో తవ్విన రాయ కాలువ, బసవన్న కాలువ, తుర్తు కాలువ నేటికీ హంపి చుట్టుపక్కల పారుతున్నాయి. అవి ఇన్ని వందల ఏళ్ళు నిలవడానికి రాయి గట్టిదనం ఒక్కటే కారణం కాదు. ఏటా పూడిక తీసే మనుషులు, నీళ్ళు ఎవరి వంతో చూసే మనుషులు ఉన్నారు. మన కాలువకు డెబ్బై ఏళ్ళే. దాని రాతి పని బాగానే ఉంది. వంతు చూసే పనే వెనకబడింది.

మే నెలలో అందరూ జాతరకు వస్తారు. ఈసారి రెండు గంటలు ఈ విషయానికి కేటాయించమని పెద్దల్ని అడుగుతున్నాం. మాన్వి వైపు నుంచి మన వియ్యాలవారిని కూడా పిలుద్దాం. వాళ్ళ తూముకు పోయిన ఐదేళ్ళలో ఏ నెలలో నీళ్ళు వచ్చాయో వాళ్ళ నోటితోనే విందాం. ఆ తర్వాత కూడా రెండో వరి కావాలనిపిస్తే, వాళ్ళ ఎదుటే ఆ మాట అందాం.